ఇరవై ఒక్క రోజుల తడి

రత్నాబాయికి మేస్త్రీలంటే గిట్టదు. మేస్త్రీ అన్న మాట వినబడితే చాలు, ఆమె మూతి మూడు వంకర్లు పోతుంది. పోనీ దూరంగా ఉందామా అంటే, మెడలో పుస్తె కట్టినవాడే మేస్త్రీ అయి కూచున్నాడు. బొంబాయి కామాటిపురా ఏడో గల్లీలో, చాల్ అనే వరసగదుల మేడ రెండో అంతస్తులో, పదడుగుల గదిలో ఆ మేస్త్రీకి వండిపెడుతూ, అతని గొప్పలు వింటూ ముప్ఫై ఏళ్ళు వెళ్ళదీసింది.

ఆ మహానుభావుడి పేరు బక్కయ్య. పేరులో తప్ప మనిషిలో ఎక్కడా బక్కతనం లేదు. భుజాలు వెడల్పు, నోరు అంతకంటే వెడల్పు. సాయంత్రం గదుల ముందు గ్యాలరీలో స్టూలు వేసుకుని కూచున్నాడంటే ఇక బొంబాయి సగం వాళ్ళ తాత కట్టిందే, మిగతా సగం తను కట్టిందే.

"గ్రాంట్ రోడ్డు మీద గా మూల బిల్డింగు సూసినవా? మా తాత చెయ్యి. నాగ్‌పాడాల బేకరీ ఎనక గా చాల్ సూసినవా? నా చెయ్యి! ఇరవై వానలు వడ్డయ్. ఎంట్రుకంత పగులు సూపెట్టు, మీసం తీసేస్త!"

లోపల రత్నాబాయి పెనం మీది రొట్టెను అతని చెంప అనుకుని తిరగేసేది. "చెయ్యంట చెయ్యి! నీ చెయ్యి గిలాస పట్టనీకి తప్ప దేనికి పనికొచ్చింది?" అని పొయ్యికి చెప్పుకునేది.

ఆమె కోపంలో న్యాయం లేకపోలేదు. ఆమె బిగారి. అంటే సున్నం, సిమెంటు మాల్ కలిపి, ఆ గమేలా తట్ట నెత్తిన పెట్టుకుని, పరంజా ఎక్కి మేస్త్రీకి అందించే మనిషి. అంతటితో తీరదు. గోడ లేచాక మేస్త్రీ తాపీ కడుక్కుని ఇంకో గోడకు పోతాడు. వెనక ఉండి తరాయి చెయ్యడం బిగారి ఆడవాళ్ళ పని. తరాయి అంటే కట్టిన గోడను ఇరవై ఒక్క రోజులు తడి ఆరకుండా కాపాడుకోవడం. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం నీళ్ళు కొట్టాలి. ఎండ ముదిరితే గోనెపట్టాలు తడిపి కప్పాలి. నీళ్ళు తప్పితే సున్నమైనా సిమెంటైనా దప్పికతో చస్తుంది. పైకి గట్టిగా కనబడుతూనే లోపల పిండైపోతుంది.

"గోడ కట్టనీకి ఒక్క దినం, అది గోడ గానీకి ఇరవయ్యొక్క దినాలు" అనేది ఆమె. ఆ మాటకు మేస్త్రీలు నవ్వేవాళ్ళు. కంత్రాటుదారులు మరీ అధ్వానం, నీళ్ళ ట్యాంకరు దండగని ఏడో రోజుకే "బస్ బాయీ, చాలు" అనేవాళ్ళు. ఆమె ఒక్కడి మాటా వినేది కాదు. వీధి కుళాయి నుంచి మోసుకొచ్చి మరీ పోసేది. ఒళ్ళు వంచనివాడెవడైనా నీళ్ళు తక్కువ పొయ్యమనే చెబుతాడని ఆమెకు ఎప్పుడో తేలిపోయింది. ఒకసారి పక్క గది వజ్రమ్మ తరాయి ఎగ్గొట్టిన గోడ నిలువునా పగిలింది. రత్నాబాయి పనిగట్టుకుని అక్కడిదాకా నడిచి, ఆ పగుల్లో వేలు పెట్టి చూసి, వజ్రమ్మ ముందే నవ్వి వచ్చింది. అట్లాంటి మనిషి.

బిల్డింగు పూర్తయిన రోజున సేటు మేస్త్రీకి పాగా చుట్టి, కొబ్బరికాయ చేతిలో పెట్టేవాడు. బిగారి ఆడవాళ్ళకు తలా ఒక పేడా మిఠాయి. సొమ్మొకడిది, సోకొకడిది! బక్కయ్య ఆ పాగాతోనే ఇంటికి వచ్చి అద్దంలో అటూ ఇటూ చూసుకునేవాడు. "నీ నీళ్ళు కూడా ఉన్నాయే ఇందులో" అని ఒక్క మాట, ఒక్క పూట అన్న పాపాన పోలేదు. సేట్లు అనకపోతే పోనీ, వాళ్ళకేం తెలుసు? ఈయనకు తెలియదా? ఆ మంట మాత్రం రత్నాబాయి కడుపులో ఆరలేదు.

మిల్లుల సమ్మె చప్పబడి మూడు నాలుగేళ్ళయింది. పాత బిల్డింగుల మరమ్మతు పనులు బాగా దొరుకుతున్నాయి. నాగ్‌పాడాలో ఒక పాత ఇంటికి గిలావా, అంటే గోడల పూత, కొట్టే పని తగిలింది. పాలమూరు నుంచి కొత్తగా వచ్చిన యాదయ్య అనేవాడు మూడో అంతస్తులో గోడకు గిలావా వేస్తుంటే బక్కయ్యకు చూడబుద్ధి కాలేదు.

"గట్ల గాదుర పిలగా! తాపీ గిట్ల వట్టాలె. జరుగు, నేను సూపెడ్త" అంటూ తన పనితనం దూరం నుంచి కూడా కనబడాలని రెండడుగులు వెనక్కి వేశాడు. రెండో అడుగు కింద పరంజా బొంగు లేదు. కింద ఇసకకుప్ప ఉండబట్టి ప్రాణం దక్కింది గాని, ఎడమ మోకాలి కింద ఎముక నుజ్జునుజ్జయింది.

మాల్ కలుపుతున్న రత్నాబాయి పరుగెత్తింది. ఆ పరుగులోనూ నోరు ఊరుకోలేదు. "ముప్పై ఏండ్ల మేస్త్రివి! ఎనక బొంగున్నదో లేదో సూసుకునే తెలివి లేకపాయె నీకు!" అని తిడుతూనే అతని తల ఒళ్ళో పెట్టుకుంది.

పెద్దాసుపత్రిలో వాళ్ళకు దొరికిన డాక్టరు పేరు లిమయే. సన్నగా, అద్దాలు పెట్టుకుని, చీపురుపుల్లలా ఉన్నాడు. ఈ చేతులతో గమేలా కూడా లేవదు, వీడేం ఎముకలు అతుకుతాడని రత్నాబాయికి చూడగానే చులకన కలిగింది. అతను ఎక్స్‌రే వెలుతురుకు పట్టి మరాఠీలో చెప్పాడు. మోకాలి కింద ఎముక లోపలికి కుంగింది. దాన్ని పైకి లేపి మరలు బిగిస్తే, లేపిన చోట నిమ్మకాయ పట్టేంత గుంత మిగులుతుంది. గుంత నింపకపోతే ఎముక మళ్ళీ కుంగుతుంది. మామూలుగా తుంటి ఎముక నుంచి కొంచెం గీకి నింపుతారు. ఇంత గుంతకు అది సగానికి కూడా రాదు.

"నింపకపోతే?" అంది రత్నాబాయి.

"కర్ర పట్టుకుని నడుస్తాడు. పరంజా మాత్రం ఎక్కలేడు" అన్నాడు డాక్టరు.

రత్నాబాయి మంచం వైపు చూసింది. పరంజా ఎక్కని బక్కయ్య! గ్యాలరీలో స్టూలు మీద పొద్దస్తమానం కూచుని, ఆ నోరు వేసుకుని, చచ్చేదాకా తన ప్రాణం తోడేస్తాడు. లేదా నోరు కూడా పడిపోయి మూల కూచుంటాడు. ఆమెకు ఎందుకో మొదటిదే నయమనిపించింది.

డాక్టరు జేబులోంచి చిన్న సీసా తీశాడు. అందులో తెల్లటి నూక. "ఇది విలాయతి నుంచి వచ్చింది. పరీక్షగా వాడి చూడమని ఇచ్చారు. మనిషి చేసిన ఎముక అనుకోండి. మన ఎముకలో ఉండే సున్నం లాంటిదే, భట్టీలో కాల్చి చేశారు. దీని నిండా కంటికి కనబడని రంధ్రాలుంటాయి. వాటిలోకి అసలు ఎముక పాకుతుంది. నాలుగైదు నెలలకు రెండూ కలిసి ఒకటే గట్టి ఎముక అవుతుంది."

సున్నం అన్న మాట వినగానే రత్నాబాయి చెయ్యి చాచింది. చూడ్డానికే అనుకుని డాక్టరు నాలుగు పలుకులు ఆమె అరచేతిలో పోశాడు. ఆమె వేలితో నలిపింది, వాసన చూసింది, ఒకటి తీసి నాలుక మీద పెట్టుకుంది.

"అరే, అరే! ఏం చేస్తున్నారు బాయీ!"

"నాలిక్కి అంటుకున్నది సాబ్" అంది ఆమె, దాన్ని పీకి చూపిస్తూ. "తడి గుంజుకుంటున్నది. మస్తు దప్పిక మీదున్నది ఇది."

డాక్టరు కోపం మరిచి నవ్వాడు. "సరిగ్గా పట్టుకున్నారు! రంధ్రాలున్నాయి కాబట్టే అంటుకుంది. అందుకే పెట్టేముందు దీన్ని ఈయన రక్తంలోనే నానబెడతాను. తర్వాత తడి సంగతి శరీరమే చూసుకుంటుంది."

నానబెట్టడం అన్న మాట ఆమెకు నచ్చింది. నానబెట్టని ఇటుకతో కట్టేవాడు మేస్త్రీయే కాదు. గోడకు గాట్లు పెట్టకుండా గిలావా అంటదు, ఆ నూకలోని రంధ్రాలూ అలాంటివే అని కూడా ఆమెకు ఇట్టే అర్థమైంది. పిల్లగాడికి పని కొంచెం తెలుసు అనుకుంది. కాని శరీరమే చూసుకుంటుందన్న మాట దగ్గర మళ్ళీ చులకన మొదలైంది. ఎవరి శరీరం? బక్కయ్యదా? వాడి రక్తంలో సగం నాగ్‌పాడా మూల దుకాణం దారూనే. ఆ రక్తం తరాయి చేస్తుందట! చేసే మేస్త్రీ చేసి పోతాడు, తర్వాత గోడ దానంతట అదే చూసుకుంటుంది అనే జాతిలో ఈ డాక్టరూ ఒకడు. అద్దాలు పెట్టుకున్నంత మాత్రాన మేస్త్రీ మేస్త్రీ కాకుండా పోతాడా?

ఆపరేషన్ అయింది. కుట్లు విప్పి, తొడ నుంచి మడమ దాకా తెల్లటి పిండికట్టు వేసి, మంచం ఇంకొకరికి కావాలని పన్నెండో రోజున ఇంటికి పంపారు. పంపేటప్పుడు డాక్టరు రత్నాబాయికే చెప్పాడు, రెండుసార్లు చెప్పాడు. "కాలు నేల మీద పెట్టకూడదు. కట్టు తడవకూడదు. ఒక్క చుక్క కూడా. మూడు వారాలకు తీసుకురండి."

"ఆఁ" అంది రత్నాబాయి. ఇట్లాంటి 'బస్ బాయీ'లు ఆమె జీవితంలో ఎన్ని విన్నదో!

కొడుకు శంకర్రావు, చాల్‌లోని మరో ముగ్గురూ కలిసి కుర్చీలో కూచోబెట్టి బక్కయ్యను రెండో అంతస్తుకు మోశారు. శంకర్రావు ఫోర్టులో ఏదో ఆఫీసులో ప్యూను. ఇంట్లో కూడా మరాఠీయే మాట్లాడతాడు, తండ్రి తాపీ వైపు కన్నెత్తి చూడడు. పొద్దున ఎనిమిదింటికి చొక్కా దోపుకుని పోతే మళ్ళీ దీపాలు పెట్టాకే వస్తాడు. అందుచేత పగలంతా గదిలో మొగుడూ పెళ్ళామూ ఇద్దరే.

మొదటి రోజు మధ్యాహ్నం బక్కయ్య అన్నం తిని గురక పెట్టగానే రత్నాబాయి లేచింది. ఉతికిన గోనెసంచి ముక్కలు రెండు తడిపి, పిండి, మోకాలి కింద కట్టు మీద పరిచింది. వాటి మీద చెంబుతో సన్నగా నీళ్ళు వదిలింది. కట్టు ఆ నీళ్ళను లాగేసుకుంది. చూశావా, దప్పిక! అని ఆమె తల ఊపింది. అరగంట ఉంచి, గోనె తీసేసి, కింద కారిన నీళ్ళు చీరకొంగుతో తుడిచి ఏమీ ఎరగనట్టు బియ్యం ఏరుకుంటూ కూచుంది. మర్నాటి నుంచి పొద్దున శంకర్రావు పోయాక ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి.

నీళ్ళంటే ఆ చాల్‌లో మాటలా? పొద్దున గంటసేపు వచ్చే కుళాయి దగ్గర బిందెకొక తగువు. రత్నాబాయి తను స్నానం మానేసి ఆ నీళ్ళు కాలికి పోసింది. రెండు బిందెలు ఎక్కువ ఎందుకని వజ్రమ్మ నిలదీస్తే, "మొక్కున్నది" అని అబద్ధమాడింది. కట్టు మెత్తబడుతున్న మాట నిజమే. పచ్చి గిలావా మొదట మెత్తగానే ఉంటుంది, తడి తాగి తాగి తర్వాతే బిగుస్తుందని ఆమె లెక్క. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు.

ఇంతలో చూడ్డానికి వచ్చినవాళ్ళందరికీ బక్కయ్య మంచం మీద నుంచే దర్బారు చేస్తున్నాడు. మాటలు కోటలు దాటుతున్నాయి, కాలు మాత్రం దుప్పటి దాటడం లేదు. "నా కాల్ల విలాయతి మాల్ నింపిర్రు! డాక్టరు నన్నే అడిగిండు, మేస్త్రీ, ఎంత నింపుదమని. గచ్చిగ దట్టియ్ సాబ్ అన్న!"

ఒళ్ళు తెలియకుండా పడి ఉన్నవాణ్ణి డాక్టరు సలహా అడిగాడట! రత్నాబాయి పళ్ళు కొరుక్కుంది. కాలు నిలబడిన రోజున ఏమవుతుందో ఆమెకు కనబడుతూనే ఉంది. పాగా డాక్టరుకు చుడతారు, మిగిలిన ముక్క ఈయన చుట్టుకుంటాడు. ఈసారి ఆ ఆట సాగనివ్వదు. గ్యాలరీలో నిలబడి, గల్లీ గల్లంతా వినేలా చెబుతుంది, ఈ కాలు ఎవరి నీళ్ళకు బిగిసిందో. అది తలుచుకుంటూ ఇంకో చెంబు పోసేది.

ఎనిమిదో రోజున కట్టు మీద చెయ్యి వేస్తే వెచ్చగా తగిలింది. రత్నాబాయికి సంతోషం కలిగింది. సున్నం పని పట్టుకున్నప్పుడు వేడి పుడుతుంది, వేడి పుడితే నీళ్ళు ఎక్కువ అడుగుతుంది. ఇది ఆమె చిన్నప్పటి నుంచి చేతులు కాల్చుకుని నేర్చిన చదువు. ఆ రోజు నుంచి నాలుగుసార్లు పోసింది. బక్కయ్యకు రాత్రికి ఒళ్ళు కాలింది. అదీ మంచిదే అనుకుంది, లోపల మాల్ కాక అంతా ఒంటికి ఎక్కిందని. బక్కయ్య అన్నం తగ్గించాడు. దర్బారు కూడా తగ్గించాడు. నోరు మూసుకున్నాడు కదా అని ఆమెకు హాయిగానే ఉంది.

పదకొండో రోజున వజ్రమ్మ గుమ్మంలో నిలబడి ముక్కు మూసుకుంది. "ఏందక్కా గీ వాసన? ఎల్కగిట్ల సచ్చిందా మీ ఇంట్ల?"

రత్నాబాయి ఆమెను కసిరి పంపేసి, దుప్పటి ఎత్తింది. మోకాలి కింద కట్టు మీద పసుపుపచ్చటి మరక. నొక్కితే చితికింది. కట్టు అంచు నుంచి చీము కారింది. ఆ చీములో, ఆమె వేళ్ళ మీద, రెండు తెల్లటి పలుకులు. డాక్టరు సీసాలోవి. ఆమె నాలుకకు అంటుకున్నవి.

గోడ లోపలి మాల్‌ను బయటికి కక్కితే ఆ గోడ సంగతి బిగారికి ఇంకొకరు చెప్పక్కర్లేదు. అమ్మో, ఏం చేశాను, ఏం చేశాను అనుకుంటూ గోనెముక్కలు తీసి మోరీలో పారేసింది. శంకర్రావుకు కబురు పెట్టింది. ట్యాక్సీలో ఆసుపత్రి దాకా ఆమె నోట్లోంచి ఒక్క తిట్టు కూడా రాలేదు. బక్కయ్య అది గమనించి భయపడ్డాడు.

డాక్టరు లిమయే కట్టు కోసి చూసి, ముఖం మాడ్చుకున్నాడు. కట్టంతా చీముతో నానిపోయిందన్నాడు. పక్కనున్న జూనియర్లతో ఇంగ్లీషులో ఏదేదో మాట్లాడాడు. తర్వాత శంకర్రావును మందుల చీటీ ఇచ్చి పంపి, రత్నాబాయిని మంచం పక్కకు పిలిచాడు. బక్కయ్య కళ్ళు మూసుకుని మూలుగుతున్నాడు.

"బాయీ, ఆ వస్తువు ఈయన ఒంటికి పడలేదు. శరీరం దాన్ని ఒప్పుకోక బయటికి నెట్టేస్తోంది. చీము మోకాలి కీలు దాకా పోతోంది. ఇంకా పైకి పాకితే ప్రాణానికే ముప్పు. రేపు పొద్దున మోకాలి పైకి కాలు తీసేయాలి."

రత్నాబాయి అడ్డుపడి అడిగింది. "మల్ల నింపరాదా సాబ్? గదే మాల్?"

"పడని ఒంట్లో మళ్ళీ ఎట్లా పెట్టను? నా దగ్గర ఉన్నది ఇంకొక్క సీసా. బయటి నుంచి ఏ మురికో చేరి చీము పట్టిందంటే వేరే సంగతి. అప్పుడైతే కడిగి, పుండు మాననిచ్చి, రెండు నెలలకు తుంటి నుంచి ఎముక తీసి, దీంతో కలిపి ఇంకోసారి ప్రయత్నించేవాణ్ణి. కట్టు కట్టే ఉంది కదా, బయటి నుంచి ఎట్లా చేరుతుంది?"

అని అతను కాగితం తీసి రాయడం మొదలుపెట్టాడు.

అంతా ఆమె నోటి దగ్గరే ఉంది. నోరు మూసుకుంటే సరి. తప్పు విలాయతి నూకది, లేదా బక్కయ్య తాగుబోతు రక్తానిది. ఆమె మీద ఈగ వాలదు. వజ్రమ్మకు తెలియదు, కొడుక్కు తెలియదు. ఒక్క కాలు మాత్రం పోతుంది. పగిలిన గోడలో వేలు పెట్టి నవ్విన రత్నాబాయి, తన గోడే కుళ్ళి కారిందని ఎవరి ముందు ఒప్పుకోవాలి? ఈ చీపురుపుల్ల ముందా! ఇన్నాళ్ళూ మేస్త్రీల మీద, కంత్రాటుదార్ల మీద, డాక్టర్ల మీద ఊసిన ఉమ్మంతా ఇప్పుడు తిరిగి తన ముఖాన పడుతున్నట్టనిపించింది. ఛీ, నీ బతుకు చెడ, పేరు కోసం మొగుడి కాలు తింటావటే ముండా అని తనను తనే తిట్టుకుంది.

"సాబ్, రాయకు. నేనే."

"ఏమిటి?"

"కట్టు మీద నీళ్లు వోసిన. పదకొండు దినాలు. రెండుపూటలు, మల్ల నాలుగుపూటలు. గోనె తడిపి కప్పిన. నీ మాల్ మంచిదే, ఆయన పెయ్యి, రక్తం మంచియే. నేనే కరాబు జేసిన."

డాక్టరు కలం ఆగిపోయింది. అతను అరిచిన అరుపుకు వార్డంతా తిరిగి చూసింది. "చుక్క తగలకూడదని చెప్పాను కదా! రెండుసార్లు చెప్పాను! వినబడలేదా?"

"ఇనవడ్డది. లెక్కవెట్టలే" అంది రత్నాబాయి. తల దించుకుని అంది. ఆ తల దిగడం చూడ్డానికి అక్కడ కామాటిపురా మనిషి ఒక్కరూ లేకపోవడం ఆమె అదృష్టం.

డాక్టరు కోపం పట్టలేక మంచం వైపు తిరిగాడు. "మరి నువ్వు? పదకొండు రోజులు నీ కాలి మీద నీళ్ళు పోస్తుంటే నీకు తెలియలేదా? చల్లగా తగల్లేదా?"

బక్కయ్య కళ్ళు తెరిచాడు. జ్వరంతో ఎర్రగా ఉన్నాయి. "ఎరుకే సాబ్" అన్నాడు.

"తెలుసా! తెలిసీ ఊరుకున్నావా?"

"ఊకున్న. నిద్రవట్టినట్టు పండుకున్న. లేస్తె ఆమె సిగ్గువడ్తదని." అతను పెదవులు తడుపుకున్నాడు. "ముప్పై ఏండ్లల్ల నా గోడ ఒక్కటి పగుల్లే సాబ్. నా చెయ్యి మంచిదని గాదు. నాకంటె మంచి చేతులోళ్లయి పగిలినయి. ఈమె నీళ్లు వోసినయి పగుల్లే. గందుకే, పోస్తుంటే పొయ్యనిచ్చిన. ఆమె కంటె ఎక్వ నాకేం దెలుసు?"

డాక్టరు ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూశాడు. తర్వాత రాసిన కాగితం చింపి, కొత్తది తీసుకున్నాడు. "రేపు కొయ్యను. తెరిచి కడుగుతాను. చీము ఆగితే సరే. ఆగకపోతే కాలు పోతుంది, మాట ఇవ్వలేను" అని నర్సును పిలుస్తూ వెళ్ళిపోయాడు.

రత్నాబాయి ఆ మాటలు విన్నదో లేదో. మంచం పట్టె పట్టుకుని నిలబడింది. బక్కయ్య అన్న ఆ మాట కోసమే కదా ఆమె ఇన్నేళ్ళు కాచుకుంది. దక్కింది, ఆమె నీళ్ళు కుళ్ళబెట్టిన కాలు ఎదురుగా కంపు కొడుతుండగా దక్కింది. ఆమెకు కోపం వచ్చింది. కోపం వెంట ఏడుపు వచ్చింది.

"నీ నోట్లె మన్నువడ!" అంది, అతని భుజం పట్టి ఊపుతూ. "ఇన్నేండ్లు గీ నోరు యాడ వెట్టుకున్నవయ్యా? ఊరందరికి నీ గొప్పలు జెప్పినవ్, గీ మాట నాకొక్కదానికి జెప్పనీకి నీకేమొచ్చింది రోగం? ఒక్కనాడన్న, ఇంట్ల, ఎవ్వలు ఇనకుంట, గీ ముక్క అనుంటె... నేను నీ కట్టు మీద సుక్క నీళ్లు పొయ్యకపోతుంటి గదయ్యా!"